స్టీల్ గిటార్ మూలుగుతుందా, రాగం తీస్తుందా?

ఒక చిన్న పత్రిక కోసం అమెరికాలో నల్లజాతివాళ్ళ చర్చిల్లో వినిపించే పెడల్ స్టీల్ గిటార్ మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. మూడు రోజులుగా ఒక్క ఇంగ్లీషు మాట (moan) దగ్గర ఆగిపోయాను. మోన్. గిటార్ మోన్ చేసింది అని ఆ వ్యాసంలో పదిసార్లు ఉంది, పదిసార్లూ నాకు తెలుగు దొరకలేదు.

ముందు ఆ వాద్యం సంగతి చెప్తాను, అది తెలియకపోతే మాట పట్టుబడదు. హౌస్ ఆఫ్ గాడ్ అని ఒక పెంతెకొస్తు సంఘం, మేరీ మగ్దలీనా టేట్ అనే ఆవిడ 1903లో మొదలుపెట్టింది. మామూలుగా చర్చిలో ఆర్గన్ చేసే పని వీళ్ళ దగ్గర స్టీల్ గిటార్ చేస్తుంది. 1930ల చివర్లో ఫిలడెల్ఫియాలో ట్రోమన్ ఈసన్ ఒక హవాయి వాద్యకారుడి దగ్గర నేర్చుకుని దాన్ని చర్చిలోకి తెచ్చాడు, తమ్ముడు విల్లీ ఈసన్ దానికి మనిషి గొంతు నేర్పాడు. ఎక్కువగా ఒకే తీగ మీద వాయించేవాడట, పాడుతూ పాడుతూ చివరి మాట తాను అనకుండా గిటార్‌కి వదిలేసేవాడు. దాన్ని 'మాట్లాడే గిటార్' అన్నారు. పెడళ్ళున్న గిటార్ ఆ తర్వాతది, 1970ల్లో చక్ క్యాంప్‌బెల్ లాంటివాళ్ళ చేతుల్లో చర్చికి అలవాటైంది. ఈ సంగీతానికి సేక్రెడ్ స్టీల్ అనే పేరు బయట స్థిరపడింది 1997లో ఆర్హూలీ రికార్డ్స్ ఆ పేరుతో ఆల్బమ్ వేశాకే.

దీన్ని 'పవిత్ర ఉక్కు' అని మాత్రం దయచేసి రాయొద్దు. గిటార్ ఉక్కుది కాదు, స్టీల్ అంటే ఎడమ చేతిలో ఉండే కడ్డీ. గిటార్‌ని బల్లలా పరిచి, తీగని వేలితో నొక్కకుండా ఆ కడ్డీని తీగల మీద జారుస్తారు. వీణకున్నట్టు మెట్లు అడ్డం రావు కాబట్టి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎక్కడా తెగకుండా వెళ్ళొచ్చు. కింద పెడళ్ళు, మోకాళ్ళ పక్కన మీటలు ఉంటాయి, ఒకటి నొక్కితే కొన్ని తీగల శ్రుతే మారుతుంది, మిగతావి ఉన్నచోటే నిలబడతాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం వాల్యూమ్ పెడల్. తీగ మీటే క్షణంలో దాన్ని దాదాపు మూసి, మీటాక పాదంతో మెల్లగా తెరుస్తారు. మీటిన టక్ మన చెవికి చేరదు, ఎవరో నోరు తెరిచి ఊపిరి వదిలినట్టు స్వరం మొదలవుతుంది.

ఇక మాట. నిఘంటువు మూలుగు అంటుంది. మా ఇంట్లో మూలుగు అంటే జ్వరం, దుప్పటి ముసుగు, మూలిగే నక్క మీద తాటిపండు. ఆలాపన అంటే కచేరీ అయిపోతుంది. కూనిరాగం మరీ తేలిక, వంటింట్లో పనిచేసుకుంటూ పాడుకునేది. నాకు తట్టింది 'రాగం తీయడం'. మా తాతయ్య పోయినప్పుడు మా మేనత్త వీధి మలుపు దగ్గర నుంచే ఎత్తుకుంది, "ఓ నాయనో, పండక్కి రమ్మన్నావు కదయ్యా నాయనో" అని. మొదటి నాయనో పైన నిలబడింది, రెండోదానిలో ఆ 'ఓ' కిందికి జారుతూ జారుతూ ఊపిరి అయిపోయేదాకా వెళ్ళింది, అక్కడ మాట లేదు, శబ్దమే ఉంది. ఆవిడ ఊపిరి తెగిన చోట లోపలున్న ఆడవాళ్ళు అందుకున్నారు. సేక్రెడ్ స్టీల్ మొదటిసారి విన్న రాత్రి నాకు గుర్తొచ్చింది ఆ 'ఓ'నే. కానీ పిల్లలు పేచీ పెడితే కూడా రాగాలు తీయకు అంటాం కదా, అదొక్కటే నా టెన్షన్. మీరేమంటారు?

గుంటూరు నుంచి ఒక అక్క:
మూలుగుని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి తమ్ముడూ. రోమా పత్రిక 8వ అధ్యాయం 26వ వచనం మాకు చిన్నప్పుడే కంఠతా వచ్చేసింది, "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తుందని. మా అమ్మమ్మ ఉపవాస ప్రార్థనలో మాటలన్నీ అయిపోయాక కూడా మోకాళ్ళ మీద నుంచి లేచేది కాదు, కళ్ళు మూసుకుని ముక్కుతో సన్నగా ఒక శబ్దం చేస్తూ ఉండేది. ఒంట్లో బాగోలేదేమో అని నేను భయపడేదాన్ని. అది జ్వరం మూలుగు కాదు, ప్రార్థనే. మీ వ్యాసం చర్చి గురించే కాబట్టి చర్చికి వెళ్ళేవాళ్ళు ఆ మాటని సరిగ్గానే వింటారు.

వీణ నేర్చుకుంటున్న ఒకరు:
కడ్డీతో చేసే పనికి జారు అనే రాయండి, వేరే మాట వెతకక్కర్లేదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఉల్లాసితం అనే గమకం (స్వరాన్ని కదిలించే తీరు) కింద ఎక్కే జారుకీ దిగే జారుకీ వేరువేరు గుర్తులే ఉన్నాయి. చిత్రవీణ వాయించేవాళ్ళు కూడా మెట్లు లేకుండా గోటు అనే కడ్డీతో తీగ మీద జారుస్తూనే వాయిస్తారు. మోన్‌కి మాత్రం జారు సరిపోదు. అది పద్ధతి పేరే గానీ భావం పేరు కాదు.

కరీంనగర్ నుంచి ఒకరు:
మా దిక్కు శోకం పెట్టి ఏడ్చుడు అంటరు అన్నా, మీ మేనత్త చేసింది అదే. కానీ చర్చిలో ఈ గిటార్ ఎప్పుడూ దుఃఖమేనా? నేను విన్న వీడియోల్ల జనం లేచి ఎగురుతున్నరు.

నా జవాబు:
అక్కా, ఆ వచనం ఎన్నిసార్లు విన్నానో, మూలుగు అన్న మాట అందులో ఉందన్న ధ్యాసే లేదు నాకు. ఇంగ్లీషు బైబిల్లో అక్కడున్నది మోన్ కాదు, గ్రోన్. అయినా మీరు చెప్పిన అమ్మమ్మ శబ్దం వాళ్ళ చర్చిల్లో పెద్దవాళ్ళు మాట లేకుండా పైకి తీసే శబ్దానికి చాలా దగ్గర. భక్తిపాటలు పాడే గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927 డిసెంబరులో డల్లాస్‌లో రికార్డు చేసిన డార్క్ వాజ్ ది నైట్ వినండి. పెడల్ స్టీల్ కాదు, మామూలు గిటార్ మీద స్లైడ్. పాట మొత్తంలో ఒక్క మాట లేదు, గొంతు సన్నగా మూలుగుతుంది, అది ఎక్కడ ఆగితే తీగ అక్కడి నుంచి తీసుకుంటుంది. 1977లో వాయేజర్ నౌకల్లో అంతరిక్షానికి పంపిన రికార్డులో ఆ పాట కూడా ఉంది. దాన్ని వింటుంటే మూలుగు అన్న మాటే సరిపోయింది, మీరు చెప్పకముందు నాకు వినపడలేదంతే.

కరీంనగర్ తమ్ముడు అన్నది కూడా నిజమే. కానుకలు పట్టేటప్పుడు ఒక తీరు, జనం ఆత్మలో ఉన్నప్పుడు ఇంకో తీరు, ఒక్కోసారి అదే గిటార్ పావుగంట ఆగకుండా తరుముతుంది. ఈ సంగీతం వాయించే రాబర్ట్ రాండాల్ఫ్ బయట స్టేజీల మీద 13 తీగల పెడల్ స్టీల్ మీద వాయించేది ఎక్కువగా ఈ ఊపే. అక్కడ శోకమూ కుదరదు, మూలుగూ కుదరదు.

కాబట్టి పదిచోట్లా ఒకే మాట పెట్టడం మానేశాను. ప్రార్థన దగ్గర మూలుగు, గొంతుని అనుకరించే చోట రాగం తీయడం, చేతిపని చెప్పేచోట జారు. విల్లీ ఈసన్ చివరి మాట వదిలేసే వాక్యం దగ్గర ఈ మూడింటిలో ఏదీ పెట్టలేదు, మా మేనత్త గురించి పైన రాసిన నా మాటే మళ్ళీ చదువుకుంటే దొరికింది: "అతను మాట వదిలేశాడు, గిటార్ అందుకుంది." భజనలో ముందు పాడేవాడు వదిలింది వెనకవాళ్ళు అందుకుంటారు కదా, అదే అందుకోవడం.

ఇంకొక్క మాట మిగిలింది, ఇది మళ్ళీ అక్కకే. వాళ్ళు షౌట్ అనేది అరుపు కాదు, ఆ ఊపులో కాళ్ళతో ఆడే ఆట. పూనకం అందామంటే చర్చివాళ్ళకి కష్టం కలుగుతుందేమో. మీ సంఘంలో దాన్ని ఏమంటారు?