థైరాయిడ్ మాత్ర, వెంటనే కాఫీ

కావలి నుంచి: మా అమ్మ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర మింగి ఆ నోటితోనే కాఫీ గ్లాసు ఎత్తేస్తుంది, టిఫిన్‌తో కాల్షియం బిళ్ల. డోసు పెంచినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలకపోతే రక్తంలో పెరిగే హార్మోన్) దిగట్లేదు. మందు ఒంటికి ఎక్కట్లేదా?

ఒంగోలు, మెడికల్ షాపు: ఎక్కదు మరి. అది చిన్నపేగులోంచి రక్తంలోకి పోవాలి, కాఫీ దానికి అడ్డం, కాల్షియమైతే పేగులోనే పట్టేసుకుని దొడ్డికి పంపేస్తుంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని గంట ఆగమనండి, కాల్షియం, ఐరన్ 4 గంటల తర్వాతే.

కావలి నుంచి: ఒకరోజు మర్చిపోతే ఆమెకు ఒకటే టెన్షనండీ.

కందుకూరు నుంచి: పారాసిటమాల్ రక్తంలో 2, 3 గంటల్లోనే సగమైపోతుంది, లివర్ దాన్ని మార్చేస్తే మూత్రంలో పోతుంది. అదే థైరాయిడ్ మందైతే సగం కావడానికి దాదాపు 7 రోజులు, ఒక్కరోజుకేం కాదు. డోసు మార్చాక 6 వారాలాగి టెస్ట్ చేయించేదీ అందుకే (మేం వారానికే చేయించి డబ్బులు తగలేశాం).