టేకు దూలాల మీద కాంక్రీటు పోయించొచ్చా?

నమస్తే అండీ. మాది హిందూపురం, బెంగళూరు రామ్మూర్తినగర్‌లో ఇల్లు కడుతున్నాం. ఊళ్లో తాతగారి పాతిల్లు పడగొడితే 16 టేకు దూలాలు దిగాయి. గోరు గుచ్చినా దిగదు, అంత గట్టివి. సిమెంటు, స్టీలు కాస్త తగ్గుతాయని, మేడగదికి వీటి మీదే 3 అంగుళాల కాంక్రీటు పోయిద్దామని నా ఆశ. బరువుకి కప్పు వంగబోతే కింది లాగుడు కర్ర ఓర్చుకుంటుంది, పై నొక్కుడు కాంక్రీటు ఓర్చుకుంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి జారకుండా 45 డిగ్రీల వాలులో స్క్రూలు దించుతారు. మా మేస్త్రీ మాత్రం "సెంట్రింగుకి వాడుకుందాం లెండి సార్" అని నవ్వేశాడు. మల్లేశ్వరం పాతిళ్లలో మద్రాసు టెర్రస్, అంటే ఇటుకా సున్నంతో వేసిన పాతకాలపు కప్పు, దూలాల మీదే కదా నిలబడింది!

పచ్చి కాంక్రీటులోని తడి కర్రకి పట్టకుండా పాలిథిన్ షీటు పరిస్తే చాలా? గోడలో కూర్చునే కొసలకి చెదలు రాకుండా ఏం చేయాలి? ఇక్కడ ఇలా కట్టించినవాళ్లుంటే, లెక్కలు ఎవరిచేత వేయించారో చెప్పండి. స్లాబుకి ఇంకా నెలే ఉంది.