బేస్‌బాల్ గ్లవ్ ఇంట్లో కుట్టాలంటే ఏ సూదులు, ఏ ఆరె (తోలుకి రంధ్రం చేసే పనిముట్టు) తీసుకోవాలి?

ప్రశ్న:
తోలుతో బేస్‌బాల్ గ్లవ్ సొంతంగా కుట్టాలని మొదలుపెట్టానండీ. పాత గ్లవ్ ఒకటి విప్పి, ఆ ముక్కల్ని చూసి అట్ట మీద అచ్చులు గీసుకున్నాను. బయటి తోలు 2 మి.మీ. కంటే కాస్త మందం, లోపలి అస్తరు తోలు పలచగా, మెత్తగా ఉంది. ఇంట్లో బట్టలు కుట్టే మెషిన్ ఉంది, దానికి లెదర్ సూది వేస్తే సరిపోతుందా? చేత్తోనే కుట్టాలంటే ఏమేం కొనాలి? తోలు పని కిట్లలో బోలెడు సామాను చూపిస్తున్నారు. అవన్నీ అవసరమా? వేళ్ల దగ్గర కుట్టు ఊడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
పాత గ్లవ్ విప్పి చూశారు కాబట్టి సగం పని అయినట్టేనండీ. ఇంటి మెషిన్ మాత్రం వద్దు. వేళ్ల కుట్టులో బయటి తోలు రెండు పొరలు, మధ్యలో సన్నని వెల్టింగ్ పట్టీ కలిసి 5 మి.మీ. దాకా వస్తుంది. అంత మందాన్ని ఆ మెషిన్ మోయలేదు. పైగా మెషిన్ కుట్టులో ఒకచోట దారం తెగితే పక్క కుట్లు కూడా వదులవుతాయి. ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు పెట్టి, ప్రతి రంధ్రంలోంచి రెండింటినీ ఎదురెదురుగా పంపే శాడిల్ స్టిచ్‌లో ఆ ఇబ్బంది ఉండదు. ఒక కుట్టు తెగినా మిగతావి పట్టుకునే ఉంటాయి.

గ్లవ్ మొత్తానికి ఒకే రకం సూది పనికిరాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బయటి తోలుకి మొన మొద్దుగా ఉండే హార్నెస్ సూదులు రెండు తీసుకోండి. తోలుకి పదునైన సూదే కావాలనిపిస్తుంది. కానీ శాడిల్ స్టిచ్‌లో రెండో సూది వెళ్లేసరికి ఆ రంధ్రంలో మొదటి దారం ఉంటుంది. పదునైన మొన దాన్ని చీల్చేస్తుంది. పైకి ఏమీ కనిపించదు, నాలుగు బంతులు పట్టాక అక్కడే తెగుతుంది. కాబట్టి రంధ్రం చేసే పని ఆరెది, దారాన్ని దాటించే పని మాత్రమే సూదిది.

మెత్తని అస్తరుకి ముందుగా రంధ్రాలు చేయనక్కర్లేదు. మూడు అంచులుండే గ్లవర్స్ సూది తానే కోసుకుంటూ వెళ్తుంది. అక్కడ ఒక్క సూదితో మామూలు కుట్టు వేస్తే చాలు. మూడోది లేసు సూది, అంటే గ్లవ్ ముక్కల్ని బిగించే తోలు తాడుని దూర్చేది. వెనక భాగంలో లేసు చివర పట్టుకునేలా చీలికో గొట్టమో ఉంటుంది. వెబ్ (బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే వల లాంటి భాగం), వేలి కొసలు, మణికట్టు దగ్గరి అంచు, వీటన్నిటినీ కలిపేది లేసే కాబట్టి ఇది లేకుండా పని ముగియదు.

ఆరె విషయంలో రాజీ పడకండి. డైమండ్ ఆకారపు మొన ఉన్నదే కావాలి. గుండ్రటి మొన తోలుని పక్కకు నెడుతుందే తప్ప కోయదు. కొత్త ఆరె చాలావరకు మొద్దుగానే వస్తుంది. సానబెట్టి, తోలు ముక్క మీద పాలిష్ పేస్ట్ రాసి రుద్దండి. మిగిలిన తోలు మీద గుచ్చి చూస్తే, పెద్దగా బలం పెట్టకుండానే దిగాలి. గుచ్చేటప్పుడు మెలితిప్పకండి, రంధ్రం పెద్దదైపోతుంది. వెనక వైపు చెయ్యి పెట్టకుండా కార్కు ముక్క పెట్టుకోండి.

మరో సభ్యురాలు:
పైన చెప్పినవాటికి ఒకటి కలుపుతున్నాను. వేళ్ల కుట్టు తిరగేసి వేస్తారు కదా, అందుకని ప్రతి ముక్కనీ విడిగా బల్లమీద పరిచి రంధ్రాలు చేసుకోండి. అంచు నుంచి 3 మి.మీ. లోపలికి డివైడర్‌తో (రెండు మొనల కంపాస్ లాంటిది) గీత గీసి, ప్రికింగ్ ఐరన్‌ని (వరసగా పళ్లుండే, రంధ్రాలు కొట్టే పనిముట్టు) చెక్క సుత్తితో కొట్టండి. ఇనుప సుత్తి వాడితే ఐరన్ తల పాడవుతుంది. తిన్నగా ఉన్నచోట నాలుగు పళ్లది, వేలి కొస వంపులో రెండు పళ్లది వాడాలి. ఒకదానికొకటి కుట్టే రెండు ముక్కల్లోనూ రంధ్రాల లెక్క తప్పకుండా కలవాలి. వేలి కొసలో ఒక్కటి తేడా వచ్చినా, తిప్పాక వేలు ఒక పక్కకి మెలిపడుతుంది. కుట్టే ముందు గుండుసూదులు గుచ్చకండి, తోలుకి పడిన చిల్లు పూడదు. చిన్న క్లిప్పులు చాలు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. దారం ఏది? కాటన్ దారానికి మైనం పట్టించి వాడొచ్చా? కుట్టాక వేళ్లని బయటికి తిప్పేది ఎలా?

జవాబు:
కాటన్ వద్దండీ. చెమటకీ, తోలు పదును చేయడానికి వాడే టానిన్‌కీ అది కుళ్లిపోతుంది. మైనం పట్టించిన పాలియెస్టర్ దారం, 0.8 మి.మీ.ది తీసుకోండి. కుట్టు పొడవుకి నాలుగైదు రెట్లు దారం కోసుకోండి, వేలి మధ్యలో అయిపోతే ముడి అక్కడే ఒత్తుకుంటుంది. మొదట్లోనూ చివర్లోనూ రెండు మూడు కుట్లు వెనక్కి వేస్తే ముడి అవసరమే రాదు. కుట్టుకీ కుట్టుకీ 4 మి.మీ. ఎడం బాగుంటుంది. మరీ దగ్గరగా వేస్తే స్టాంపు అంచులా చిరుగుతుంది.

తిప్పడానికి కొస గుండ్రంగా అరగదీసిన చెక్క పుల్ల చాలు. స్క్రూడ్రైవర్ లాంటివి పెట్టకండి, వేలి కొసలో కుట్టు మీదే గుచ్చుకుంటాయి. ముందు చిటికెన వేలు తిప్పండి, అన్నిటికన్నా ఇరుకు అదే. సూది బిగుసుకుంటే ప్లయర్‌తో తిన్నగా లాగండి, పక్కకి వంచితే కన్ను దగ్గర విరుగుతుంది.

లేసు రంధ్రాలకి పంచ్ కొనేముందు లేసు కొనండి. గ్లవ్ లేసు వెడల్పు మామూలుగా 5 మి.మీ.కి కొంచెం తక్కువ. రంధ్రం అంతకన్నా చిన్నగా ఉండాలి, లేసు ముడుచుకుని బిగుతుగా దూరుతుంది. ముందు తుక్కు ముక్క మీద రెండు మూడు సైజులు కొట్టి, లేసు దూర్చి లాగి చూడండి. దేంట్లో కదలకుండా నిలబడితే ఆ సైజు కొనండి. గ్రూవర్ (కుట్టు కోసం తోలులో గాడి తీసేది), అంచులు పాలిష్ చేసే సామాను ఇప్పుడే వద్దు. ఆ డబ్బుతో కుట్టేటప్పుడు తోలుని పట్టుకునే చెక్క శికంజా తీసుకోండి. శాడిల్ స్టిచ్‌కి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.