గడ్డకట్టే చలిలో ఉయ్యాల పడకా, టెంటా? తేల్చండి

ప్రొద్దుటూరు_బుల్లెట్:
మొన్న డిసెంబర్లో గండికోటలో ఒక రాత్రి హ్యామక్‌లో పడుకున్నా. రెండు చెట్ల మధ్య గట్టిగా కట్టి, స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి జిప్ మెడ దాకా లాక్కున్నా. ఫోన్లో చూస్తే 14 డిగ్రీలు, బ్యాగ్ మీదేమో 5 డిగ్రీల దాకా పనికొస్తుందని రాసుంది. రాత్రి రెండింటికల్లా వీపు, నడుము ఐసుగడ్డ అయిపోయినాయి. పైన ఛాతీ మీద చెమట, కింద వణుకు, ఇదేం వింతో అర్థం కాలా. అదే కంపెనీ, అదే బ్యాగ్ మా వాడిది కూడా, వాడు పక్కన టెంట్లో నేల మీద పడుకుని గురక పెడుతున్నాడు. జనవరి చివర్లో నలుగురం ఉత్తరాఖండ్‌లో మంచుకొండ కేదార్‌కంఠ ఎక్కడానికి పోతున్నాం, అక్కడ రాత్రిళ్లు సున్నాకి బాగా కిందికి పోతుంది. ఉయ్యాల ఇంట్లో పెట్టి రమ్మంటున్నారు మా వాళ్లు. నాకు నేల మీద పడుకుంటే తెల్లారేసరికి నడుము పట్టేస్తుంది. నిజంగా మంచులో ఉయ్యాల పనికొస్తుందా, లేక ఇదంతా యూట్యూబ్ వాళ్ల షోకా?

అనంత_నడక:
నీ బ్యాగ్‌లో తప్పేం లేదు బ్రో, నువ్వు కింద ఏమీ వేసుకోలా, అంతే. స్లీపింగ్ బ్యాగ్ వెచ్చగా ఉంచేది దూదో ఈకలో కాదు, వాటి మధ్య చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. నీ బరువంతా పడి వీపు కింద బ్యాగ్ అప్పడంలా అణిగిపోతే గాలి ఎక్కడుంటుంది? నీకూ బయట చలిగాలికీ మధ్య రెండు పల్చని గుడ్డలే మిగులుతాయి. బ్యాగ్ మీద రాసే డిగ్రీల లెక్క కూడా కింద చాప వేసి పరీక్ష చేసిందే, గాల్లో వేలాడే మనిషికి కాదు. అందులోనూ హాయిగా నిద్రపట్టే కంఫర్ట్ అంకె వేరే, ముడుచుకుని ఎలాగో తట్టుకునే లిమిట్ అంకె వేరే, నీ 5 ఏదో ముందు చూసుకో.

మా జేజి ఇంట్లో నులక మంచం ఉండేది. చలికాలం వస్తే పైన కప్పుకునే దానికంటే ముందు మంచం మీద రెండు బొంతలు పరిచేది. ఒకసారి నేను మొండికేసి ఉత్త నులక మీద రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నా. తెల్లారుజామున లేచి వంటింట్లో పొయ్యి పక్కకు పోయి ముడుచుకున్నా. "మంచం కింద నుంచి కొరుకుతాది రా, పైన ఎన్ని కప్పుకున్నా దండగే" అని నవ్వింది. నీ హ్యామక్ కూడా నులక మంచమే, ఊగుతుంది, అంతే తేడా.

గుత్తి_ఫౌజీ:
సర్వీసులో రెండు చలికాలాలు కాశ్మీర్‌లో గడిపినవాడిగా చెప్తున్నా. కావాల్సిన సామాను ఉంటే ఉయ్యాలలో పడుకోవచ్చు, కాదనను, కానీ నువ్వు పోయే చోటికి టెంటే తీసుకుపో. కేదార్‌కంఠ కొన 12,500 అడుగులు. దారిలో కింద జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర చెట్లకు కొదవ లేదు, పైకి పోయేకొద్దీ అడవి పల్చబడి బోడికొండ అవుతుంది. చెట్టు లేని చోట ఉయ్యాల దేనికి కడతావు, మీ వాడి మెడకా?

ఇంకోటి. టెంట్లో ఇద్దరు పడుకుంటే ఒకరి వేడి ఒకరికి తగులుతుంది, నాలుగు పక్కలా గాలి ఆగుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ ఎత్తులో ఎవడికైనా తలనొప్పి, వాంతులు మొదలైతే పక్కన ఉన్నోడికి తెలుస్తుంది. వేరేగా చెట్టుకు వేలాడేవాడి సంగతి తెల్లారేదాకా ఎవడికీ తెలియదు. నడుమునొప్పికి మంచి గాలిపరుపు చాలు.

అనంత_నడక:
ఫౌజీ అన్నా, ఆ ఎత్తు జబ్బు గురించి చెప్పింది నేను ఆలోచించలా, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ "నాలుగు పక్కలా గాలి ఆగుతుంది" అన్నదానికి ఒప్పుకోను. పైన కట్టే టార్ప్‌ను, అదే వాన ఆపే పట్టాను, గొడుగులాగా కాకుండా రెండు పక్కలా నేలకి ఆనేటట్టు దించి, గాలి వచ్చే వైపు చివర మూసేస్తే ఉయ్యాలకీ గాలి ఆగుతుంది. నేల మీద మాత్రం తక్కువ బాధా? మంచు మీద పడుకుంటే ఒంటి వేడికి కింద మంచు కరిగి గుంట పడుతుంది, తెల్లారేసరికి అది గడ్డకట్టి ఎగుడుదిగుడు రాయిలాగా తయారవుతుంది. చదును జాగా దొరక్క వాలులో రాత్రంతా జారుతూ పడుకున్నోళ్లని నేను చూసినా. ఎక్కడ పడుకున్నా ఒంటి కింద ఏముందన్నదే లెక్క.

ఆదోని_అక్క:
మీరిద్దరూ వాదించుకోండి గానీ ఆ పిల్లోడికి ఏం కొనాలో ఎవరూ చెప్పరే. తమ్ముడూ, దీనికి అండర్‌క్విల్ట్ అని ఒకటి ఉంది. మెత్తటి రజాయి లాంటిది, ఉయ్యాల లోపల కాదు, బయట కింద వేలాడదీస్తారు. నీ బరువు దాని మీద పడదు కాబట్టి అణగదు. కానీ కట్టడంలోనే ఉంది కిటుకు. నేను మొదటిసారి వదులుగా కట్టినా, ఉయ్యాలకీ దానికీ మధ్య జానెడు సందు ఉంది, అందులో గాలి ఈలేసుకుంటూ పోయింది. రెండోసారి బిగించి కడితే అణిగిపోయి మళ్లీ చల్లగానే ఉంది. ఇప్పుడు పడుకున్నాక పక్క నుంచి చెయ్యి దూర్చి చూస్తా. రజాయి వీపుకి ఆనుకుని ఉండాలి, కానీ నా వేళ్లు నలగకుండా పొంగి ఉండాలి. అంతవరకు తాళ్లు సర్దుతూనే ఉంటా, పది నిమిషాలు పట్టినా సరే.

అంత డబ్బు పెట్టలేనంటే ఫోమ్ చాప ఉయ్యాల లోపల వేసుకో, ఫోమ్ ఒంటి బరువుకి అణగదు. కాకపోతే ఆ చాప నడుముకే సరిపోతుంది, భుజాలు రెండు పక్కలా ఉయ్యాల గుడ్డకి తగిలి గడ్డకడతాయి. కారు అద్దానికి పెట్టే వెండి రంగు షీటు ఉంటుంది చూడు, దాన్ని భుజాల దగ్గర అడ్డంగా వెయ్యి. చాప చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెని ఆర్-వాల్యూ అంటారు, మంచు చలికి అది 4 పైన ఉండాలంటారు, ఒక చాప చాలకపోతే రెండు వేసుకో, రెండింటి లెక్కా కలుస్తుంది.

కర్నూలు_కుర్రోడు:
ఇంత రామాయణం ఎందుకక్కా, ఇంట్లో బొంత ఉంటే దాన్నే కింద కడితే పోలా? లేదంటే చిన్న కుంపటిలో బొగ్గులు వేసి ఉయ్యాల కింద పెట్టుకుంటే హాయిగా తెల్లారుతుంది. నల్లమలలో ఒకసారి ట్రై చేద్దామనుకుంటున్నా.

గుత్తి_ఫౌజీ:
రేయ్ సామీ, ఆ పని చెయ్యొద్దు. హ్యామక్ నైలాన్ గుడ్డ, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. టార్ప్ నేల దాకా దించి లోపల బొగ్గులు పెడితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండుతుంది. వాసన రాదు, దగ్గు రాదు, నిద్రలోనే పోతావు. మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని చనిపోయినవాళ్ల వార్తలు ప్రతి చలికాలం చదవట్లా? ఇంక నల్లమల అంటావా, అందులో పెద్ద భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్. అనుమతి లేకుండా పోయి నిప్పు పెడితే నిన్ను వెచ్చగా కూర్చోబెట్టేది ఫారెస్ట్ వాళ్లే.

ఆదోని_అక్క:
బొంత సంగతి నేను చెప్తా. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టింది, అంతా నూలు. మీ జేజి గదిలో బాగానే ఉంటుంది. ఆరుబయట మంచు కురిస్తే తడిని తాగేసి రాయంత బరువు అవుతుంది, తడిసిన నూలు వేడిని పట్టుకోదు. నీళ్లు గాలి కంటే 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. దానికన్నా మన కంబళి వెయ్యి రెట్లు నయం, దక్కనీ గొర్రె ఉన్నితో నేసి చింతగింజల గంజి పట్టించింది. కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది. మంద కాసేవాళ్లు రాత్రంతా పొలంలో దాని మీదే పడుకుంటారు కదా. ఉయ్యాల లోపల ఫోమ్ చాప మీద ఒక మడత వెయ్యి. కానీ అదొక్కటే పెట్టుకుని సున్నా కిందికి పోవద్దు, అది మన చలికి నేసిన గుడ్డ.

అనంత_నడక:
అక్క చెప్పినదానికి కొన్ని కలుపుతా. పడుకునే ముందు స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత కారుతోందేమో తలకిందులు చేసి చూసి, సాక్సులో దూర్చి తొడల మధ్య పెట్టుకో. పగలు చెమట పట్టిన బట్టలతో పడుకోవద్దు, పొడి జత ఒకటి రాత్రికని కట్టి పెట్టుకో. ముక్కు, నోరు బ్యాగ్ లోపల పెట్టి ఊపిరి వదలొద్దు, తడి అంతా లోపలే చేరుతుంది, మంకీ క్యాప్ పెట్టుకో. ఉయ్యాల పట్టీకి ఒక చిన్న దారం వేలాడగట్టు, చెట్టు నుంచి పట్టీ వెంట వచ్చే నీళ్లు అక్కడ కారిపోతాయి, నీ బ్యాగ్ దాకా రావు. వాగు పక్కన లోతట్టులో కట్టొద్దు, రాత్రి చల్లగాలి బరువెక్కి అక్కడికే దిగుతుంది, కాస్త మిట్ట మీద చూసుకో. ఎండిన కొమ్మలున్న చెట్టైతే అసలు వద్దు. ఇంకా మొహమాటపడకుండా ఒంటేలు పోసుకుని పడుకో, అర్ధరాత్రి ఆపుకుంటూ వణకడం కంటే నయం.

గుత్తి_ఫౌజీ:
ఇవన్నీ ఒప్పుకుంటా. అయినా మొదటిసారే కేదార్‌కంఠ మీద ప్రయోగం వద్దు. లంబసింగిలో చూసుకో ముందు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరు, బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని. అక్కడైతే చలి పట్టుకోగానే లేచి రూముకి పోవచ్చు.

ప్రొద్దుటూరు_బుల్లెట్:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి మిద్దె మీద రెండు ఇనుప గుంజలకి కట్టి చూసినా, కింద ఫోమ్ చాప, దాని మీద మా నాయన పాత కంబళి. మన ఊరి చలే అనుకోండి, 16 డిగ్రీలు, కానీ వీపుకి చలే తెలియలా, ఎడమ భుజం ఒక్కటే చల్లబడింది, అక్క చెప్పినట్టే. లంబసింగికి వచ్చే శనివారం పోతున్నాం. కేదార్‌కంఠకి మాత్రం టెంట్ కూడా మోసుకుపోతా, ఉయ్యాల కింది క్యాంపులో ఒక్క రాత్రికే. అక్కా, ఈ కంబళి పాతదై చిల్లులు పడింది, కొత్తది మీ వైపు ఎక్కడ దొరుకుతుంది?

ఆదోని_అక్క:
సంతలో అడుగు, లేదంటే మంద వాళ్లనే అడుగు, నేసేవాళ్ల ఇల్లు వాళ్లే చూపిస్తారు. తెచ్చాక నాలుగు రోజులు ఎండలో వెయ్యి. గొర్రె వాసన పోదు, తగ్గుతుంది. మీ వాళ్లు నిన్ను టెంట్లోకి రానివ్వకపోతే నన్ను అడగొద్దు.