‘ఇది ఆట కాదు’ అనే డైలాగు ఆటలో పెట్టొచ్చా?

మూడోసాక్షి:
పోయిన నెల రెండు రోజుల మర్డర్ మిస్టరీ ఆటకు వెళ్లాను. పాత బంగళా, పద్నాలుగు మంది. గుమ్మంలోనే ఫోన్లు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఎవరి పాత్ర కవరు వాళ్లకిచ్చారు. నాది నౌకరు పాత్ర. మొదటి రాత్రి ‘శవం’ దొరకగానే నేను పరుగెత్తుకొచ్చి “ఇది ఆట కాదు, నిజంగానే చచ్చిపోయాడు!” అని అరవాలి. అరిచాను. అందరూ ఒక్క క్షణం బిగుసుకుపోయి, తర్వాత చప్పట్లు కొట్టారు.

రెండో రాత్రి డాక్టర్ వేషం వేసినాయన మెట్ల మీద కూలబడ్డాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది, నాలుక తిరగట్లేదు, పేరడిగితే ఏదో గొణుగుతున్నాడు. షుగర్ ఉందట, ఇన్సులిన్ వేసుకుని సరిగా తినలేదట. అవన్నీ తర్వాత తెలిశాయి. నేను “ఇది ఆట కాదు!” అని అరిచాను. ఒకావిడ నవ్వుతూ నోట్‌బుక్ తీసి “డాక్టర్, మూడో మెట్టు, ఎడమ చెయ్యి” అని రాసుకుంది. ఇంకొకాయన కింద పడ్డ కప్పు ఎత్తి విషమేమోనని వాసన చూశాడు. ఇలా ఆరు నిమిషాలు. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ ఆ డైలాగు రాసినవాళ్లది తప్పు కాదా?

తెరవెనక:
ఇలాంటి ఆటలు నేనూ నడుపుతాను (మీరు వెళ్లింది నాది కాదు). జనం వచ్చేదే ఆ ఒక్క క్షణం గుండె ఝల్లుమనడానికి. ఆ డైలాగు తీసేస్తే మిగిలేది క్విజ్. అసలు చూడాల్సింది ఆపే మాట. నార్డిక్ దేశాల్లో లార్ప్ (వేషం కట్టి పాత్రలా నడుచుకునే ఆట) ఆడేవాళ్లు ‘కట్’ అంటే ఆట మొత్తం ఆగాలి, ‘బ్రేక్’ అంటే జోరు తగ్గించాలి అని ముందే అనుకుంటారు. ఆ మాటను ఏ పాత్రకూ డైలాగుగా ఇవ్వరు. మీకు అలాంటిదేమీ చెప్పలేదా?

మూడోసాక్షి:
చెప్పారేమో. మొదటి రోజు హడావుడిలో ఎవరు విన్నారు?

సందేహాలరావు:
ఫోన్లు పెట్టెలో ఉంటే ఆరు నిమిషాలని ఎలా తెలిసింది?

మూడోసాక్షి:
హాల్లో గోడ గడియారం ఉంది.

సందేహాలరావు:
ఇలాంటి ఆటల్లో క్లూ కోసం గోడ గడియారాన్ని ఆపేసి పెడతారు. నడుస్తోందని చూశారా?

కందిరీగ:
1984లో టామీ కూపర్ అనే బ్రిటిష్ కమెడియన్ టీవీ లైవ్ షోలో గుండెపోటుతో స్టేజీ మీదే కూలిపోయాడు. జనం అది కూడా జోకేననుకుని నవ్వారు. అక్కడ “ఇది ఆట కాదు” అని ఎవరూ అనలేదు. నవ్వడానికి వచ్చినవాళ్లు నవ్వుతారు, అంతే.

అరక్షణం:
ఇంతకీ హంతకుడెవరు?

చీకటిమెట్లు:
నేను నర్సుని. ఇక్కడ అందరూ డైలాగు పట్టుకుని వేలాడుతున్నారు. షుగర్ పడిపోయిన మనిషి చూడ్డానికి తాగినవాడిలా ఉంటాడు. స్పృహలో ఉండి మింగగలిగితేనే చక్కెర నీళ్లు పట్టాలి, లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకుండా అంబులెన్స్ పిలవాలి. ఆ పిలిచే ఫోన్లు తాళం వేసిన పెట్టెలో ఉన్నాయి. ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో చెప్పండి ముందు.

కందిరీగ:
1968లో లాటానే, డార్లీ అనే సైకాలజిస్టులు ఒక గదిలోకి పొగ వదిలి, లోపలున్నవాళ్లు ఏం చేస్తారో చూశారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది బయటికెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చుంటే చెప్పినవాళ్లు 10 శాతమే. అక్కడ కవర్లూ లేవు, వేషాలూ లేవు.

మూడోసాక్షి:
మీ పొగ మీ దగ్గరే ఉంచుకోండి. నా బాధ వేరు. నేను గొంతు చించుకున్నా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత వకీలు వేషం వేసినావిడ వచ్చి, కనీసం గొంతు కూడా పెంచకుండా “ఆపండి” అంది. ఠక్కున లైట్లు వెలిగాయి, చక్కెర నీళ్లు వచ్చాయి. ఆవిడ అంటే నిజం, నేనంటే నటన! ఆ రెండు రోజులూ విరామంలో కూడా “ఒరేయ్, నీళ్లు పట్రా” అన్నారు నన్ను. ఆఫీసులోనూ ఇంతే, నేను చెప్పిందే పక్కవాడు చెప్తే మీటింగులో తలలూపుతారు.

తెరవెనక:
అయ్యా, “ఆపండి” అన్నదే ఆపే మాట! ఆవిడ మొదటి రోజు విన్నారు, మీరు వినలేదు. వకీలు, నౌకరు అని దీన్ని ఎక్కడికో తీసుకెళ్తున్నారు.

మూడోసాక్షి:
నిర్వాహకులంతా ఒక తాను గుడ్డలే.

తెరవెనక:
నోరు అదుపులో పెట్టుకోండి. నా ఆటలో ఒకసారి ఒకావిడ మూల కూర్చుని ఏడుస్తుంటే ఎంత బాగా చేస్తోందో అని పక్కవాళ్లకు చూపించాను కూడా. ఆవిడ నిజంగానే ఏడుస్తోంది. అప్పటినుంచి ఆపే మాట అందరి చేతా మూడుసార్లు పలికించి గానీ కవర్లు పంచను. అందుకే “ఎవరు విన్నారు” అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఖాళీకప్పు:
ఇప్పటిదాకా ఊరికే చదువుతున్నాను. కప్పు వాసన చూసింది నేనే.

మూడోసాక్షి గారూ, కవర్లో మీకు ఆ మాట ఒక్కసారే ఉంది. మీరు అదే రాత్రి భోజనాల దగ్గర ఒకసారి, తెల్లారాక వరండాలో ఇంకోసారి సొంతంగా అరిచారు. వరండాలో అరిచినప్పుడు నేను సగం గెడ్డం గీసుకుని, మొహం మీద నురగతోనే పరుగెత్తుకొచ్చాను. మీరు పొట్ట పట్టుకుని నవ్వారు. ‘నాన్నా, పులి’ అన్న పిల్లాడు కూడా తప్పంతా కథ రాసినవాడిదే అంటే ఎలాగండీ?

మూడోసాక్షి:
అరిచాను. కాదనను. రెండు రోజులకూ కలిపి నాకిచ్చింది ఆ ఒక్క వాక్యమే. మీకందరికీ పేజీలకు పేజీలు ఉన్నాయి. నేను నోరు తెరిస్తే మీరు నావైపు చూసింది ఆ వాక్యానికే కదా.

తెరవెనక:
ఈ ముక్క మొదటి పోస్టులో రాయాల్సింది.

ఖాళీకప్పు:
ఆయన్నే అనడానికి రాలేదు నేను. అరుపు నమ్మలేదు, సరే. కానీ ఆ చెమట నా కళ్లకు కనిపించింది. నీళ్లు చిలకరించుకున్నాడు, మేకప్ బాగా కుదిరిందనుకున్నాను. వంగి కప్పు తీసినప్పుడు నా మోచెయ్యి ఆయన చేతికి తగిలింది. మంచులా ఉంది. అయినా ముందు వాసనే చూశాను. దానికి ఏ కవరును తిట్టను?

చీకటిమెట్లు:
తాళం చెవి సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

సందేహాలరావు:
ఖాళీకప్పు గారూ, మీరు అక్కడే ఉన్నారుగా. గడియారం నడుస్తోందా?

ఖాళీకప్పు:
లేదు. పదకొండున్నర దగ్గర ఆపి పెట్టారు. అది నాకు దొరికిన మొదటి క్లూ.