లీగల్ టెర్మినాలజీ ఆన్‌లైన్ కోర్సు: ముందు పదాల లిస్టు బట్టీ పట్టాలా, తీర్పులు చదువుతూ నేర్చుకోవాలా?

మొదటిసెమిస్టర్

అందరికీ నమస్తే. ఆన్‌లైన్‌లో లీగల్ టెర్మినాలజీ కోర్సు చేస్తున్నా, కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. వారం వారం ఒక లిస్టు ఇస్తారు, ఎడమ పక్క పదం, కుడి పక్క రెండు లైన్ల అర్థం, ఆ తర్వాత జతపరచండి టైపు క్విజ్, మార్కులు సిస్టమే వేసేస్తుంది. వాటిలో నాకు ఎప్పుడూ మంచి మార్కులే వస్తున్నాయి. కానీ ఇంకో సబ్జెక్టులో కాంట్రాక్టు కేసు తీర్పు ఒకటి చదవమంటే రెండో పేజీ దాటలేకపోయా, అందులో ఆఫర్, యాక్సెప్టెన్స్, కన్సిడరేషన్, రిమెడీ అన్నీ నేను క్విజ్‌లో కరెక్టుగా పెట్టిన పదాలే, అయినా జడ్జిగారు ఏం తేల్చారు, ఎందుకు తేల్చారు అన్నది పట్టుబడలేదు.

కోర్సు డిస్కషన్‌లో ఇదే అడిగితే "ముందు పదాలు రావాలి, తీర్పులు తర్వాత సంగతి" అన్నారు. నాకైతే ఈ వరసే తప్పనిపిస్తోంది. పదాన్ని కేసులోంచి పీకి లిస్టులో పెడితే అందులో మిగిలేది స్పెల్లింగే కదా. మీరేమంటారు?

వల్లెవేద్దాం

నేను ఒప్పుకోనండి. ఎక్కాలు రాకుండా లెక్కలు చేద్దామంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. మొదటి రోజే తీర్పు చేతిలో పెడితే ప్రతి లైనుకీ డిక్షనరీ తియ్యాలి, పేరా చివరికొచ్చేసరికి మొదట్లో ఏం చదివామో గుర్తుండదు, ఇక వాదన ఎక్కడ పట్టుబడుతుంది.

ఇంకోటి, క్విజ్‌ని అంత చులకన చెయ్యకండి. రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు 2006లో చేసిన ప్రయోగం చూడండి. చదివిన పాఠాన్నే మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో బాగా చేశారు, కానీ వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం మధ్యలో తమని తాము పరీక్షించుకున్నవాళ్ళదే పైచేయి. అంటే గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే నేర్పిస్తుంది. ఎదురుగా లెక్చరర్ లేని ఆన్‌లైన్ కోర్సులో ఆ పని చేయించేది క్విజ్ ఒక్కటే.

రెండోపక్షం

వల్లెవేద్దాం గారూ, ఆ ప్రయోగం మీద నాకు పేచీ లేదు. కానీ ఏం గుర్తు తెచ్చుకోమంటున్నాం అన్నదే అసలు గొడవ. రెండు ఉదాహరణలు చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ విషయంలో పైపైన మాట్లాడుకుంటే తేలేది ఏమీ ఉండదు.

1957లో ఇంగ్లండ్‌లో కనింగ్‌హామ్ కేసు. ఖాళీ ఇంటి సెల్లార్‌లో గ్యాస్ మీటర్ ఉంది, దాన్లో డబ్బులుంటాయి. ఇతను మీటర్‌ని గోడ నుంచి పీకి డబ్బు పట్టుకుపోయాడు. పైపు విరిగింది, గ్యాస్ గోడలోంచి పక్కింట్లోకి పాకింది, అక్కడ నిద్రపోతున్న ఆవిడ ప్రాణం మీదికొచ్చింది. ఆవిడ ఇతనికి కాబోయే అత్తగారు. 1861 నాటి చట్టం కింద "మలీషియస్‌గా" విషపదార్థం ఎక్కించాడని కేసు. ట్రయల్ జడ్జి జ్యూరీకి మలీషియస్ అంటే "దుర్మార్గంగా" అని చెప్పారు. మామూలు డిక్షనరీలో చూస్తే అదేమీ తప్పు కాదు. కానీ అప్పీల్ కోర్టు శిక్ష కొట్టేసింది. ఆ చట్టంలో ఆ మాటకి అర్థం, ఆ హాని చెయ్యాలన్న ఉద్దేశం అయినా ఉండాలి, లేదా అలాంటి హాని జరగొచ్చని ముందే తెలిసి కూడా తెగించి ఉండాలి. దొంగతనం దుర్మార్గమే, కానీ పక్కింట్లోకి గ్యాస్ వెళ్తుందని అతనికి తోచిందా లేదా అన్నది జ్యూరీని అడగనే లేదు. ఒక్క మాటని వాడుక అర్థంలో తీసుకున్నందుకు తీర్పే తిరగబడింది!

రెండోది వాయిడ్, వాయిడబుల్. లిస్టులో "చెల్లనిది", "రద్దు చేసుకోదగ్గది" అని ఉంటాయి, జతపరచడం చిటికెలో పని. ఇప్పుడు కేసులోకి రండి. 1878లో కండీ వర్సెస్ లిండ్సే. బ్లెంకార్న్ అనేవాడు, అదే వీధిలో ఉన్న పేరున్న కంపెనీ బ్లెంకిరాన్ సంతకంలా కనపడేట్టు సంతకం పెట్టి ఉత్తరాల మీద చేతిరుమాళ్ళు పెద్దఎత్తున ఆర్డర్ చేశాడు. సరుకు వచ్చింది, డబ్బు కట్టలేదు, సరుకు కండీ అనే అమాయకుడికి అమ్మేశాడు. అసలు అమ్మినవాళ్ళు ఒప్పందం చేసుకోదలచింది బ్లెంకిరాన్‌తో, ఇతనితో కాదు కాబట్టి కాంట్రాక్టు వాయిడ్, సరుకు మీద బ్లెంకార్న్‌కే హక్కు లేదు, కండీకి ఎక్కడి నుంచి వస్తుంది? డబ్బు పెట్టి కొన్న కండీయే నష్టపోయాడు.

1919లో ఫిలిప్స్ వర్సెస్ బ్రూక్స్ చూడండి. ఒకతను నగల షాపుకి స్వయంగా వచ్చి, చెక్కు రాసి, నేను ఫలానా సర్ గారిని అని చెప్పి ఉంగరం పట్టుకెళ్ళి తాకట్టు పెట్టాడు. చెక్కు చెల్లలేదు. ఇదీ మోసమే, ఇక్కడా పేరు మార్చాడు. కానీ షాపువాడు ఎదురుగా నిలబడ్డ మనిషికే అమ్మాడు కాబట్టి కాంట్రాక్టు పుట్టింది, మోసం వల్ల అది వాయిడబుల్ మాత్రమే, దాన్ని రద్దు చేసేలోపే ఉంగరం తాకట్టు దుకాణానికి చేరిపోయింది. దాంతో తాకట్టు పట్టినవాడు గెలిచాడు, షాపువాడు మునిగాడు.

నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే ఆ రెండు పదాల మధ్య తేడా. ఇది "చెల్లనిది" అన్న ఒక్క మాటలో ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి.

కోర్టు_ఆడియో_టైపిస్ట్

మీరంతా లాయర్లు అవుదామనుకునేవాళ్ళ కోణంలోంచే మాట్లాడుతున్నారు. ఈ కోర్సులు చేసేవాళ్ళలో నాలాంటోళ్ళు కూడా చాలామంది ఉన్నారు, ట్రాన్‌స్క్రిప్షన్ చేసేవాళ్ళు, లా ఆఫీసు స్టాఫు, అనువాదకులు. మాకు రేషియో డెసిడెండై (తీర్పుకి ఆధారమైన అసలు కారణం) ఎలా పట్టుకోవాలో కంటే ముందు చెవికి పదం తగలాలి. ఆడియోలో ఇంటెస్టేట్ అంటే ఇంటర్‌స్టేట్ అని టైపు చేస్తే వీలునామా లేకుండా పోయినాయన కాస్తా రాష్ట్రాల మధ్య వ్యవహారం అయిపోతాడు. మార్ట్‌గేజర్, మార్ట్‌గేజీ ఒకటి. బ్యాంకే మార్ట్‌గేజర్ అని చాలామంది అనుకుంటారు, కాదు, ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నవాడు మార్ట్‌గేజర్, తాకట్టు పుచ్చుకున్న బ్యాంకు మార్ట్‌గేజీ. లెసర్, లెసీ కూడా అంతే, లీజుకి ఇచ్చేవాడు, లీజుకి పుచ్చుకునేవాడు. రోజంతా ఇవి వింటూ టైపు చేసేవాళ్ళకి లిస్టు, పక్కన ఆడియో బటన్, మళ్ళీ మళ్ళీ డ్రిల్లు, ఇదే అన్నం పెడుతుంది. తీర్పులు చదవొద్దనను, కానీ కోర్సు మొత్తం తీర్పులే చేస్తే మేమెక్కడికి పోవాలి?

సరిహద్దులు_దాటి

లిస్టుతో ఇంకో చిక్కు, అది ఏ దేశపు లిస్టు? ఇంగ్లండ్‌లో 1999 ఏప్రిల్‌లో కొత్త సివిల్ ప్రొసీజర్ రూల్స్ అమల్లోకి వచ్చాక ప్లెయింటిఫ్ (కేసు వేసినవాడు) పోయి క్లెయిమెంట్ వచ్చాడు, డిస్కవరీ (అవతలి పక్షానికి కాగితాలు చూపించడం) డిస్‌క్లోజర్ అయింది, మరేవా ఇంజంక్షన్ (ఆస్తులు తరలించకుండా కోర్టు ఇచ్చే ఆర్డరు) ఫ్రీజింగ్ ఇంజంక్షన్ అయింది. అమెరికాలో ప్లెయింటిఫ్, డిస్కవరీ అలాగే ఉన్నాయి. స్కాట్లండ్‌కి వెళ్తే కేసు వేసినవాడు పర్స్యూయర్, టార్ట్ (నష్టపరిహారం అడగదగ్గ సివిల్ తప్పు) పేరు డెలిక్ట్, ఇంజంక్షన్ పేరు ఇంటర్‌డిక్ట్. ఆన్‌లైన్ కోర్సులో ఎక్కడెక్కడివాళ్ళో చేరతారు, చాలా లిస్టుల్లో ఈ పదం ఎక్కడ చెల్లుతుందన్న కాలమే ఉండదు. కనీసం అదొక్కటి పెట్టించండి ముందు.

వల్లెవేద్దాం

రెండోపక్షం గారూ, మీ కనింగ్‌హామ్ కేసు నాకే పనికొస్తుంది. ఆ అప్పీల్ కోర్టు మలీషియస్‌కి అర్థం ఎక్కడి నుంచి తెచ్చింది? ప్రొఫెసర్ కెన్నీ 1902లో రాసిపెట్టిన సూత్రాన్నే ఎత్తి చూపించి అదే సరైనదని ఒప్పుకుంది. అంటే కచ్చితమైన నిర్వచనం ఒకటి ముందే ఉంది, ట్రయల్ కోర్టులో వాడింది అది కాదు, అదీ జరిగింది. నేను బట్టీ పట్టమనేది ఆ కచ్చితమైన నిర్వచనాన్నే, వాడుక మాటని కాదు. మీరు లిస్టుని తిడుతున్నారు, నిజానికి తిట్టాల్సింది నాసిరకం లిస్టుని.

రెండోపక్షం

బాగా పట్టుకున్నారు, ఆ పాయింటు నిజమే. కానీ అదే నిర్వచనం తీసుకోండి, "అలాంటి హాని జరగొచ్చని ముందే తెలిసి తెగించడం". దీన్ని ఎన్నిసార్లు వల్లె వేసినా, గ్యాస్ పైపు కథ లేకుండా "అలాంటి హాని" అంటే ఏ హాని అన్నది తేలదు. మీటర్ పోవడమా, గోడ పాడవడమా, పక్కింటావిడకి ఊపిరాడకపోవడమా? కేసంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. కచ్చితమైన నిర్వచనం కూడా సంఘటన మీద పెట్టి చూసుకుంటేనే ఎంత కచ్చితమో తెలుస్తుంది.

ఆన్‌లైన్_ట్యూటర్

నేను ఇలాంటి కోర్సుకే క్విజ్‌లు తయారుచేస్తుంటాను. జతపరచండి ప్రశ్నలు ఎందుకుంటాయంటే వందలమంది పేపర్లు దిద్దే మనుషులు ఉండరు, సిస్టమ్ దిద్దగలిగిందే పెట్టాలి, అంతే, దానికి పెద్ద విద్యా సిద్ధాంతం ఏమీ లేదు. కానీ సిస్టమ్ దిద్దేవాటిలోనే సంఘటన ఇచ్చి అడగొచ్చు. "వాయిడబుల్ అంటే ఏమిటి" బదులు ఉంగరం కథ నాలుగు లైన్లలో ఇచ్చి, షాపువాడు దొంగ దొరక్కముందే కాంట్రాక్టు రద్దు చేస్తున్నానని పోలీసులకి చెప్పేసి ఉంటే ఉంగరం ఎవరిది అని అడగాలి. నాలుగు ఆప్షన్లు, సిస్టమే దిద్దుకుంటుంది. కష్టమల్లా ప్రశ్న తయారుచెయ్యడంలోనే, ఒక్కో ప్రశ్నకి కేసు చదవాలి, తప్పు ఆప్షన్లు కూడా నమ్మబలికేట్టు రాయాలి, దానికి టైమూ డబ్బూ ఇవ్వడానికి కాలేజీలు వెనకాడతాయి. విద్యార్థులు అడిగితే కొంచెం కదలిక వస్తుంది, నిజంగానే చెప్తున్నా.

టైపిస్టు గారు చెప్పిన ఆడియో డ్రిల్లు మాత్రం విడిగా ఉండాల్సిందే, రెండూ ఒకే క్విజ్‌లో కలిపితే ఎవరికీ పనికిరాదు.

మొదటిసెమిస్టర్

అలాంటి ప్రశ్నే ఎస్టాపెల్ మీద ఎవరైనా రాసిపెట్టగలరా? మా లిస్టులో "ముందు చెప్పినదానికి విరుద్ధంగా చెప్పకుండా అడ్డుకునే నియమం" అని ఉంది, దాంతో నాకు ఒక్క కేసు కూడా అర్థం కాలేదు. ట్యూటర్ గారు చెప్పినట్టు మా కోర్సువాళ్ళకి ఈ రకం ప్రశ్నలు కావాలని రాస్తాను, శాంపిల్ ఉంటే అదీ జతచేస్తా.

రెండోపక్షం

ఇదిగో, 1947 నాటి హై ట్రీస్ కేసు మీద. ఒక కంపెనీ ఫ్లాట్ల బిల్డింగు మొత్తం లీజుకి తీసుకుంది. యుద్ధం వచ్చింది, ఫ్లాట్లు నిండలేదు, ఓనరు 1940లో అద్దె సగానికి తగ్గిస్తున్నానని రాసిచ్చాడు. బదులుగా లీజుదారు ఇచ్చిందేమీ లేదు. 1945 మొదట్లో ఫ్లాట్లన్నీ నిండిపోయాయి. ఓనరు పక్షం (ఎ) 1945 చివరి రెండు క్వార్టర్లకి పూర్తి అద్దె అడగొచ్చా (బి) యుద్ధకాలంలో తగ్గించిన సగాన్ని వెనక్కి అడగొచ్చా?

జడ్జి డెన్నింగ్. (ఎ) కి అవునన్నారు, ఎందుకంటే తగ్గింపు ఫ్లాట్లు నిండని పరిస్థితి ఉన్నంతకాలానికే, ఆ పరిస్థితి పోయింది. (బి) కి కుదరదన్నారు, నీ మాట నమ్మి అవతలివాడు నడుచుకున్నాక, బదులుగా ఏమీ ఇవ్వకపోయినా సరే, ఇప్పుడు వెనక్కి తిరిగి పాత బాకీ అనకూడదు. అదే ఎస్టాపెల్, ఇంకా చెప్పాలంటే ప్రామిసరీ ఎస్టాపెల్.

ఇంకో ప్రశ్న కూడా ఇందులోంచే వస్తుంది. ఓనరు పక్షం దావాలో అడిగింది (ఎ) ఒక్కటే, (బి) అడగనే లేదు. మరి (బి) గురించి డెన్నింగ్ చెప్పింది రేషియోనా, ఓబిటరా (కేసు తేల్చడానికి అక్కర్లేకుండా జడ్జి పక్కన అన్న మాట)? వల్లెవేద్దాం గారూ, ఆ రెండింటి నిర్వచనాలు మీకు నోటికి వచ్చే ఉంటాయి, జవాబు ముందు మీరే చెప్పండి.

వల్లెవేద్దాం

ఓబిటర్. ఆ దావా తేల్చడానికి అది అవసరం లేదు కాబట్టి. అయినా తర్వాత అందరూ పట్టుకు తిరిగింది ఆ ఓబిటర్‌నే. నిర్వచనం నోటికి వచ్చింది కాబట్టే వెంటనే చెప్పగలిగానండి, అది మాత్రం వదలను. ప్రశ్న బాగుంది, మొదటిసెమిస్టర్ గారూ, ఇదే పంపండి.