పునాదిలో చెదల మందు పైపు వేయించాల్నా? మొరం నింపేలోపు చెప్పుండ్రి

దేవరకొండ_కొత్తిల్లు:
అందరికి నమస్తే. మాది దేవరకొండ దిక్కు. 200 గజాల జాగల 1200 ఎస్‌ఎఫ్‌టీ ఇల్లు కడుతున్న, గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే, ప్లింత్ బీమ్ అయిపోయింది, వచ్చే వారం మొరం నింపుతం అంటున్నడు మేస్త్రి. నా భయమంతా చెదలతోనే. మా పాతింట్ల టేకు దర్వాజ మా తాత పెట్టించింది, పైన పాలిష్ మెరుస్తనే ఉండె, ఒకనాడు గడియ స్క్రూ లూజైతే బిగిద్దామని స్క్రూడ్రైవర్ ఆనిచ్చిన, పిడి దాక లోపటికి పోయింది, లోపలంతా మట్టే. ఇగ అనుమానమొచ్చి చెక్క పెట్టె తీసి చూస్తే బాపు దాచుకున్న పాస్‌బుక్కు సగం లేదు. అందుకే ఈసారి మొదట్నే గట్టిగ చేయిద్దామని ఇద్దర్ని పిలిచిన. ఒకాయన మొరం మీద మందు కొట్టి పోత చాలు అన్నడు, ఇంకొకాయన గోడల పొంటి మట్టిల హోల్స్ ఉన్న పైపు ఏసి బయట మూతి పెడత, ఎప్పుడంటే అప్పుడు మందు ఎక్కించుకోవచ్చు, జీవితకాలం గ్యారెంటీ అంటున్నడు. రేటు డబుల్ కంటే ఎక్కువ చెప్తున్నడు. నిజంగ పనిచేస్తదా, లేకుంటే కొత్త తీరు అమ్మకమా? ఇంకో ముచ్చట, ప్లాటు ఈశాన్యం మూలకు పుట్ట ఉన్నది. నాగుల పంచమికి మా అమ్మ పాలు పోస్తది, దాని జోలికి పోనిస్తలేదు. ఏం చెయ్యాలె?

పాలమూరు_సైట్‌మనిషి:
తమ్మీ పైపు సంగతి తర్వాత, ముందు మందు లెక్క చూస్కో, మోసమంతా ఆడనే జరుగుతది. ఐఎస్ 6313 అని ఉంటది, చెదల మందు పనికి మన దేశపు ప్రమాణం, దాని రెండో భాగం కొత్త కట్టడాలకు, మూడో భాగం కట్టినంక చేసే పనికి. ఫ్లోర్ కింద నింపిన మట్టి మీద చదరపు మీటరుకు 5 లీటర్ల మందునీళ్ళు పొయ్యాలె. నీ 1200 ఎస్‌ఎఫ్‌టీ అంటే సుమారు 111 చదరపు మీటర్లు, అంటే 550 లీటర్ల పైననే. పునాది గోడలకు ఆనుకొని నింపే మట్టికి ఇది గాక వేరే, ఆడ గోడ చదరపు మీటరుకు 7.5 లీటర్లు. ఇప్పుడు మీ దగ్గరికి వచ్చేటాయన వీపుకు 16 లీటర్ల బ్యాటరీ పంపు ఏసుకొని వస్తడు, ఉత్త ఫ్లోరుకే దాంతోని 35 ట్యాంకులు కొట్టాలె. నేను జడ్చర్ల దిక్కు ఒక సైట్ల చూసిన, నాలుగు ట్యాంకులు కొట్టి వాసన మస్తు వచ్చేటట్టు చేసి బిల్లు చింపి చేతిల పెట్టిండు. వాసన వస్తే ఓనర్‌కు సంబురం. నాలుగు ట్యాంకులంటే 64 లీటర్లు, మిగతాదంతా గాలే. డబ్బాలు నీ ముంగటనే సీలు తియ్యమను, నీళ్ళు ఎంత కలుపుతున్నడో నిలబడి చూడు. క్లోరోపైరిఫాస్ 20 ఈసీ అనే చెదల మందు అయితే లీటరు మందుకు 19 లీటర్ల నీళ్ళు, అంటే 550 లీటర్లకు 27, 28 లీటర్ల మందు కావాలె. ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ అయితే లీటరు నీళ్ళకు 2.1 మి.లీ. చాలు, గందుకే దాని డబ్బా చిన్నగ ఉంటది, దాన్ని చూసి మోసం అనుకోకు.

ఇంకోటి, ప్లింత్ లోపట సెంట్రింగ్ చెక్క ముక్కలు, సిమెంటు సంచులు, గుంజలు పడి ఉంటయి, వాటిమీదనే మొరం పోస్తరు మనోళ్ళు. చెదలకు నువ్వే అన్నం పెట్టినట్టు. కూలోల్లకు వంద ఎక్కువిచ్చి అన్నీ ఏరించు.

మిర్యాలగూడ_ఇంటామె:
మేము పైపు ఏయించినం తమ్ముడూ, నా కథ విను. ఏసేటప్పుడు బాగనే ఏసిండ్రు, గోడ పొంటి నల్ల పైపు, నాలుగు దిక్కుల నాలుగు మూతులు. నాలుగేండ్ల తర్వాత మందు ఎక్కిద్దామని పిలిస్తే వచ్చినాయన మూతులు చూపియ్యుమన్నడు, నాకు రెండే దొరికినయి. ఒకటి కారు పార్కింగ్ టైల్స్ కింద పోయింది, ఇంకొకటి మా ఆయన తులసి గద్దె కట్టించినకాడ. ఉన్న రెండింటికి పంపు పెడితే ఒక దిక్కు గేజీ ముల్లు సర్రున పైకి లేస్తది, చుక్క లోపటికి పోతలేదు, ఇంకో దిక్కు పోయిన మందు పోయినట్టే మెట్ల కాడ బయటికి ఊరింది. దిమ్మిస కొట్టినప్పుడే పైపు చితికిపోయి ఉంటది అన్నడాయన. మరి మొదట్నే ఎవ్వరు చూసిండ్రు? మూతులు పెట్టినోడు ఫోన్ ఎత్తడు, గ్యారెంటీ కాగితం మాత్రం బీరువల భద్రంగ ఉన్నది 😄 ఆఖరికి ఇల్లంత డ్రిల్లు పెట్టిచ్చుకున్నం, గోడ ఫ్లోరు కలిసేకాడ అడుగుకొక హోల్, ఒక్కో హోల్‌కు లీటరు మందు, మూడు రోజులు ఇల్లంత తెల్లదుమ్ము, మల్ల హోల్స్ మూసినకాడ వైట్ సిమెంటు మచ్చలు ఇప్పటికి కనపడుతున్నయి. అట్లని పైపు వద్దు అంటలేను. నేను మల్ల ఇల్లు కడితే మల్ల పైపే ఏయిస్త, కాని దగ్గర నిలబడి ఏయిస్త.

బత్తాయి_రైతు_నల్లగొండ:
పైపు పైపు అంటున్నరు, మా తోటల డ్రిప్పు లాటరల్ మూలకు పడి ఉన్నది, అదే తెచ్చి గోడ పొంటి పాతితే అయిపోదా? వేలు పెట్టుడెందుకు 🙂

పురుగుమందు_పనోన్ని:
రైతన్నా, మీకు నేను చెప్పేదేమున్నది, దినాం నీళ్ళు పారే డ్రిప్పరే ఉప్పు పట్టి మూసుకపోతే మీరు ఆసిడ్ ఎక్కిస్తరు గదా. గది మట్టిల నాలుగైదేండ్లు ఎండిపోయి పడి ఉంటే ఎట్లయితది? దీనికోసం చేసే పైపులల్ల కొన్నిటికి హోల్స్ మీద పొర ఉంటది, ప్రెషర్ పెట్టినప్పుడు మందు బయటికి వస్తది, మట్టి లోపటికి పోదు. ఆస్ట్రేలియాల ఈ పద్ధతి చాలా ఏండ్లనుంచి ఉన్నది, మన దగ్గర ఇప్పుడిప్పుడే చిన్న ఇండ్లకు వస్తున్నది.

దేవరకొండ తమ్ముడూ, నేను ఇదే పని చేస్త కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకొని విను. పైపు మందు గాదు, మందు పోనీకి తొవ్వ. అది ఏసినంత మాత్రాన చెద ఆగదు. మొరం మీద 5 లీటర్ల లెక్కన కొట్టుడు ఎట్లనైనా కొట్టాల్సిందే, పైపు దాని మీద ఎక్స్‌ట్రా. ఏ మందైనా మట్టిల ఏండ్లు గడుస్తుంటే పల్చబడుతది, ఆనాడు ఇంట్ల టైల్స్ పగలగొట్టకుంట మల్ల నింపుకోనీకే ఈ ఖర్చు. మల్ల నింపే ఆలోచన నీకు లేకుంటే పైపు పైసలు దండుగ, చెప్తున్న. జీవితకాలం గ్యారెంటీ అన్నోన్ని ఒక్కటే అడుగు, ఎన్నేండ్లకొకసారి నింపాలె, అప్పుడు మందు ఖర్చు ఎవరిది అని. జవాబు కాగితం మీద రాయించుకో.

బయటి గోడల చుట్టు ఒక్కటే ఏస్తే సగం పనే. చెద బయటికెల్లే రావాలని లేదు, లోపలి గోడ మొరంల దిగిన సందులకెల్లి, బాత్రూం పైపులు ఫ్లోర్ల దిగిన కాడికెల్లి లేస్తది, ఆడ తడి ఉంటది దానికి. కాబట్టి లోపల గోడల పొంటి గూడ లైను తిప్పాలె, ఒకటే పొడుగు లైను గాకుండ ముక్కలు ముక్కలుగ, ఒక్కో ముక్కకు ఒక్కో మూతి. పొడుగైతే మొదట్ల మందు కారిపోయి చివరికి ప్రెషర్ అందదు, రైతన్న తోటల డ్రిప్పు చివరి చెట్టు ఎండినట్టే.

అన్నిటికంటే ముఖ్యం, కాంక్రీటు పోసే ముందు ఉత్త నీళ్ళతోని టెస్టు. పంపు పెట్టి లైను పొంటి నడువు, మొరం మీద నల్లగ తడి పట్టీ లెక్క కనపడాలె, యాడన్న పొడి ఉంటే ఆడ తవ్వు. టెస్టు నీళ్ళు ఆరినంకనే మందు కొట్టాలె, బురదల మందు పట్టదు, వాన పడ్డరోజు అసలే వద్దు. మందు కొట్టినంక ప్లంబరొచ్చి గుంత తవ్విండనుకో ఆడ మల్ల కొట్టాలె. బోరు యాడ ఉన్నది? ఇంటికి ఆనుకొని ఉంటే ముందే చెప్పు, ఆ దిక్కు పైపుల మందు ఎక్కించుడు గురించి వేరే ఆలోచన చెయ్యాలె.

పుట్ట సంగతి, వానాకాలం మొదట్ల లైటు కాడికి ఉసిళ్ళు వస్తయి చూడు, అవి రెక్కలొచ్చిన చెదలే, అట్లాంటి పుట్టల నుంచే లేస్తయి. లెక్క ప్రకారం ప్లాటుల పుట్ట ఉంటే హోల్స్ చేసి మందు పోసి చంపాలె. కాని అమ్మ వద్దంటే నేను ముట్టను, అండ్ల పాము గూడ ఉండొచ్చు.

పాలమూరు_సైట్‌మనిషి:
పుట్టకు మావోళ్ళు ఒకసారి అయ్యగారిని పిలిపిచ్చి పూజ చేపిచ్చి, కొంచెం పుట్టమన్ను తీస్కపోయి చెరువుగట్టు కాడి పుట్టల కలిపిండ్రు. ఇంటి పెద్దమనిషి ఒప్పుకున్నది. అమ్మను అడిగి చూడు, నువ్వు గాదు, మేస్త్రితోని అడిగించు.

దేవరకొండ_కొత్తిల్లు:
అందరికి మస్తు థ్యాంక్స్, ఆలస్యంగ రాస్తున్న. పైపే ఏయించిన, లోపల గోడల పొంటి గూడ, మొత్తం ఆరు ముక్కలు. గ్యారెంటీ ఆయనకు మీ ప్రశ్న పెడితే జీవితకాలం కాస్త 5 ఏండ్లయింది, మల్ల నింపినప్పుడు మందు పైసలు మనయే అని రాసిచ్చిండు, రేటు గూడ కొంచెం దిగిండు. బోరు గేటు కాడ దూరం ఉన్నది, బతికిన. మొన్న నీళ్ళ టెస్టు చేసినం. ఐదు ముక్కలు బాగనే తడిసినయి, వంటింటి మూల కాడ ఒక నాలుగు ఫీట్లు ఎర్రగ పొడిగనే ఉన్నది. మొరం తీసి చూస్తే పైపు పైకి లేవకుండ ఉంటదని మేస్త్రే దానిమీద రెండు ఇటుకలు పెట్టిండు, ఆడ నులిమినట్టు ఒత్తుకపోయింది. ఆ ముక్క కోసేసి కొత్తది ఏసిండ్రు. చెక్క ముక్కలు ఏరితే మూడు సంచులు ఎల్లినయి, రేపు మొరం ఆరిందో లేదో చూసి మందు కొట్టుడు, డబ్బాలు మా ఇంట్లనే సీలుతోని పెట్టుకున్న.

ఇంటామె అక్కా, ఆరు మూతులకు టేపు పట్టి గోడ మూలకెల్లి ఎన్ని ఫీట్లో ఫొటోలు తీసిన, మీటరు బోర్డు పక్క గోడ మీద పెయింటుతోని గూడ రాయిస్తున్న. పుట్ట ఇంకా ఆడనే ఉన్నది. పంచమి అయినంక చూద్దాం అన్నది అమ్మ, అంతదాక ఆ మూలకు కాంపౌండు గోడ ఆపినం.